ఏ హక్కు కొంటున్నారు?

డిగ్రీలు అందుకున్న పిల్లల్లారా, మర్యాదలు పక్కన పెడదాం, గౌన్లలో మీకు ఉక్కపోస్తోంది.

నేను బ్యాంకులో ఇంటి రుణాల దస్తావేజులు చూసి రిటైరైనవాణ్ని. అందరూ ఇంటికి గోడలు చూస్తారు, నేను కాగితాలు చూశాను.

1959లో అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడి భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూడా మనవాళ్ళు పనికొచ్చారు. కంపెనీ టౌన్‌షిప్‌లోని సెక్టార్ క్వార్టర్లలో పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, "మా ఇల్లు" అన్నారు. ఇల్లు కంపెనీది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు ఉండనిస్తారు, అంతే. తర్వాత కొన్ని క్వార్టర్లు దీర్ఘకాలిక లీజుకిచ్చారు. అది కొంత నయం. అయినా నేల కంపెనీదే, గడువుంది, షరతులున్నాయి.

ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ గారు నా దగ్గరికొచ్చి, "లీజు ఇల్లు అమ్మేసి ఊరికి పోతాను బాబూ" అన్నారు. "లీజు కాగితం చదివారా బాబాయ్?" అన్నాను. "సంతకం పెట్టాను కదా!" అన్నారు.

నా దిగులంతా ఆ జవాబు గురించే. కొత్త ఫోను కొనేముందు బ్యాటరీ దగ్గర్నుంచి కెమెరా దాకా చదువుతారు. జీవితమంతా ఈఎమ్ఐ కట్టే ఇంటి దస్తావేజు మాత్రం బ్రోకర్ చదివిపెట్టాలా? సిగ్గుండాలి!

టౌన్‌షిప్ దాటి దుర్గ్ వైపు ప్లాట్ కొంటారా? అది పొలమైతే డైవర్షన్, అంటే సాగు భూమి ఇళ్ళ స్థలంగా మార్పు, అయిందో లేదో చూడండి. ఫ్లాటా? నేలలో మీ అవిభక్త వాటా ఎంతో అడగండి. పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్ముతామంటే దండం పెట్టి లేచి రండి. అలాంటి కాగితంతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

భార్యాభర్తలు కలిసి కొంటే ఎవరి వాటా ఎంతో దస్తావేజులో రాయించండి. ప్రేమగా ఉన్నప్పుడే రాయించాలి. తగువొచ్చాక రాసేది వకీలు, ఫీజు ఇద్దరిదీ.

ఈ రాత్రి ఇంటికెళ్ళి అమ్మానాన్నల్ని అడగండి: మనది క్వార్టరా, లీజా, పట్టానా, సొంత రిజిస్ట్రీనా? ఆ కాగితం మీ కళ్ళతో చదవండి. చదవకుండా లోన్‌కి వెళ్ళారో, నా కుర్చీలో ఇప్పుడున్న అమ్మాయి నాకంటే మొండిది. మీ గోల్డ్ మెడల్ చూసి కరగదు!