పేదల పరదా మన చేతిలోని అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మన రహస్యాలను, బహిరంగాలను ఎరిగినవాడు. ఎరిగి ఉండీ మన లోపాలపై పరదా కప్పి, మనల్ని నలుగురిలో గౌరవంగా తిరగనిస్తున్నవాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

అమ్మా బాద్. ధార్మిక సోదరులారా! ఈ ఖుత్బాను ఇంటి వద్ద చదువుకొనే సోదరీమణులారా! మొదట మమ్మల్ని మేము, ఆపై మిమ్మల్ని అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా హితవు పలుకుతున్నాము. షాబాన్ నెల నడుస్తోంది. కొద్ది దినాలలో రమజాన్ నెలవంక కనిపిస్తుంది. ఆత్మకూరులోనూ, ఉదయగిరిలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ జకాత్, ఫిత్రా లెక్కలు మొదలవుతాయి. ఎవరెవరికి ఇవ్వాలన్న జాబితాలు తయారవుతాయి. ఆ జాబితాలను గురించే ఈనాటి ప్రసంగం.

కొన్నేళ్ల క్రితం మా చేతుల మీదుగానే ఒక తప్పు జరిగింది. దానిని దాచుకోవడం న్యాయం కాదు. ఆ సోదరి అనుమతి అడిగి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాము. ఆ రమజాన్‌లో బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు సంచుల్లో కట్టి పంచాము. ధనసహాయం చేసినవారిలో కువైట్‌లో, సౌదీలో పనిచేస్తున్న మన పిల్లలున్నారు. వారికి లెక్క చూపాలన్న ఉద్దేశంతో సంచి అందుకొంటున్న ప్రతి ఒక్కరినీ ఫోటో తీశాము. పేరు, వీధి, ఫోను నంబరు వ్రాసిన జాబితాను కూడా వాట్సాప్ గ్రూపులో పెట్టాము. ఉద్దేశం మంచిదే. కాని ఆ గ్రూపులో ఉన్నవారు రెండువందలకు పైమాటే. సాయంత్రానికి ఆ ఫోటోలు ఏయే ఊళ్లకు చేరాయో మాకు తెలియదు.

మరుసటి ఏడు ఒక వితంతు సోదరి రాలేదు. కుట్టుమిషను మీద ఇద్దరు ఆడపిల్లలను సాకుతున్న మనిషి. కబురు పంపితే తలుపు సగం తెరిచి ఆమె చెప్పిన మాట ఇది: "ఆ ఫోటో మా పాప చదివే బడిదాకా పోయింది. పిల్ల వారం రోజులు బడికి పోనని ఏడ్చింది. మాకు వద్దని హజ్రత్‌కు చెప్పండి." ఆ నెలంతా ఆ ఇంట సహరీకి ఏమి వండుకొన్నారో మాకు తెలియదు. వెళ్లి అడిగే ముఖం మాకు లేకపోయింది.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లో అల్ బఖరహ్ సూరా 273వ ఆయతు ఇటువంటివారినే ప్రస్తావిస్తోంది. వారు జనాన్ని పట్టుకొని యాచించరు. వారి ఆత్మాభిమానాన్ని చూసి, తెలియనివారు వారిని కలిగినవారేనని భావిస్తారు. తెలియనివారు అలా అనుకోవడమే ఆ పేదవాని పరదా. ఆ పరదాను మేము ఒక్క ఫోటోతో లాగివేశాము. అదే సూరా 271వ ఆయతు బహిరంగ దానాన్ని మంచిదంటూనే, పేదలకు గుప్తంగా ఇవ్వడం మరింత మేలని బోధిస్తోంది. 264వ ఆయతు, చేసిన మేలును చాటుకొని, పుచ్చుకొన్నవాని మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండని హెచ్చరిస్తోంది. మనసు నొప్పించడానికి నేడు నోరు విప్పవలసిన పని కూడా లేదు.

ఇమామ్ హుసైన్ (రజి) కుమారుడు ఇమామ్ జైనుల్ ఆబిదీన్ (రహ్) ఉదంతం చరిత్ర గ్రంథాలలో ప్రసిద్ధం. మదీనాలోని పేదల ఇళ్లకు రాత్రివేళ ఎవరో ఆహారం చేరవేసేవారు. ఎవరో ఆ ఇళ్లవారికే తెలియదు. ఇమామ్ గారు పరమపదించాక ఆ ఆహారం ఆగిపోయింది. గుస్ల్ చేయించినవారికి ఆయన వీపుపై బస్తాలు మోసిన గుర్తులు కనిపించాయి. ఆ మహనీయుడు తన పేరును దాచాడు, పుచ్చుకొన్నవారి పేర్లను దాచాడు.

"లెక్క చూపనక్కరలేదా?" అని ఎవరైనా అడగవచ్చు. తప్పక చూపాలి. ఎన్ని రూపాయలు వచ్చాయి, ఎన్ని సంచులు కట్టాము, అంగడి రసీదులు ఎక్కడ, మిగిలినదెంత, ఇవన్నీ చూపవలసిన లెక్కలే. పేదవాని ముఖం మాత్రం రసీదు కాదు.

ఇటువంటి తప్పు మసీదు కమిటీలకే పరిమితం కాలేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వెలుగులోకి తెచ్చారు. 1,30,000 మందికి పైగా పేదల వివరాలవి. తలదాచుకొనేందుకు ఒక ఇల్లు కావాలని అడిగినవారు తమ ఇంటి సంగతులన్నీ లోకానికి అప్పగించినవారయ్యారు. ఎవరు ఏ మతంవారో తెలిపే జాబితా దుర్మార్గుని చేతిలో పడితే ఏమౌతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మన దేశపు సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు అది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. మన సమాచారాన్ని భద్రపరచమని అధికారులను అడగడం మన హక్కు. అడగాలి కూడా. అయితే వేలమంది జాబితాను కాపాడలేదని ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనం, నలభైమంది జాబితాను కాపాడామా? అల్లాహ్ మనల్ని ముందుగా ఆ నలభైమందిని గురించే అడుగుతాడు.

ఒక మనిషి మాట చెబుతూ అటూ ఇటూ చూస్తే, ఆ మాట విన్నవాని వద్ద అమానతు అవుతుందని మహాప్రవక్త (స) సెలవిచ్చారు. రహస్యమని ఆ మనిషి నోటితో చెప్పలేదు. అటూ ఇటూ చూసిన చూపే చాలు. సంచి అందుకొంటూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొన్న స్త్రీ అంతకన్నా స్పష్టంగా ఏమి చెప్పాలి? అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు పరుల గుట్టు వెతకడాన్ని, చాటున నిందించడాన్ని ఒకే చోట నిషేధించింది. ఒకరి ఫోను తెరిచి చూడడం, ఒకరి ఇంటి గొడవను రికార్డు చేసి పంపడం కూడా ఆ కోవలోనివే.

వాట్సాప్ సందేశాన్ని దారిలో ఎవరూ చదవలేరని కొందరు ధైర్యంగా ఉంటారు. ఆ తాళం దారికే గాని, చేరినవాని చేతికి కాదు. మన ఫోనులో తుడిచివేసినా, ఇతరులు దించుకొన్నది అలాగే నిలిచి ఉంటుంది.

రెండవ ఖుత్బా

సోదరులారా! అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా చేసుకొంటాము. దాసుల హక్కును పోగొడితే, ఆ దాసుని క్షమాపణ కూడా కావాలి. మేము ఆ సోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాము. "మీరు కావాలని చేయలేదు" అన్నది. ఆ మాటతో మా బరువు తీరిపోలేదు. అందుకే కమిటీ పెద్దలతో కలిసి కొన్ని నిర్ణయాలు తీసుకొన్నాము.

సహాయం పుచ్చుకొంటున్నవారిని ఎవరూ ఫోటో తీయరాదు. జాబితా ఒకే పుస్తకంలో ఉంటుంది, ఇద్దరు నమ్మకస్థులు మాత్రమే చూస్తారు. ఆధార్ జిరాక్సులు అడగము. మరెక్కడైనా తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని ఇవ్వండి. సంచులను ఇషా నమాజు తరువాత మన యువకులే ఇళ్లకు చేరుస్తారు, ఎవరూ వరుసలో నిలబడనక్కరలేదు. జకాత్ ఇస్తామంటూ ఫోను చేసి ఓటీపీ అడిగేవారు మోసగాళ్లని గ్రహించండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు తెలియజేయండి.

మరొక్క మనవి. మీ ఫోన్లలో అటువంటి పాత ఫోటోలు మిగిలి ఉంటే ఈ మగ్రిబ్‌లోగా తుడిచివేయండి. సోదరుని లోపాన్ని కప్పినవాని లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడన్నది ప్రవక్త (స) శుభవార్త. ఆనాడు మన జాబితా కూడా విప్పబడుతుంది.

ఓ అల్లాహ్! మా లోపాలపై పరదా కప్పు. మా చేతుల వల్ల, మా ఫోన్ల వల్ల తలదించుకొన్నవారి మనసులకు ఊరట ప్రసాదించు. వారి హక్కు మామీద మిగలకుండా మమ్మల్ని వారిచేత క్షమింపజేయి. ఈ రమజాన్‌లో మా దానాలను నీకు మాత్రమే తెలిసేలా ఇచ్చే భాగ్యం కలుగజేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!