పూజ చేసే ముందు ఒకసారి హుడ్ ఎత్తండి
(విజయదశమి వాహన పూజకు ముందు మన దేవాలయ సభామందిరంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగం)

 

కాసేపట్లో పంతులుగారు బయట పార్కింగ్ లాట్‌లో మన కార్లకు పసుపు కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిస్తారు. అంతకుముందు పది నిమిషాలు పాత కార్ల గురించి మాట్లాడమని కమిటీవారు నన్ను అడిగారు. ఈమధ్య చదువుకునే పిల్లలు చాలామంది పదిహేనేళ్ళు దాటిన కార్లు కొనుక్కుని వస్తున్నారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఒక్క విషయమే చెబుతాను. అది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌లో నూనె ఎంత ఉందో చూసుకోవడం.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. 1996 జనవరి. ఈ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. నా పాత కారు గేరు పడటానికి కాస్త తడబడుతోంది. ఓ ఉదయం చలిలోనే ఇంజన్ స్టార్ట్ చేసి, వెంటనే డిప్‌స్టిక్ తీసి చూశాను. నూనె కింది గీతకన్నా బాగా కింద ఉంది. ఒక క్వార్టు పోశాను, గీత దాకా రాలేదు. ఇంకొకటి పోశాను. పని అయిపోయిందని మా ఆవిడను, రెండేళ్ళ పాపను ఎక్కించుకుని ఐ-75 మీద బయలుదేరాను. బిగ్ బీవర్ రోడ్ ఎగ్జిట్ దాటేసరికి ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. హుడ్ కింద నుంచి పొగ. పక్కకు ఆపేశాను. ఆ చలిలో ట్రక్కులు దూసుకుపోతుంటే పాపను శాలువాలో చుట్టుకుని టో ట్రక్కు కోసం కూర్చున్నాం. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

నా తప్పేమిటంటే, ఆ డిప్‌స్టిక్ మీద ఉన్నవి వేడి నూనెకు పెట్టిన గీతలు. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు కిందే కనిపిస్తుంది, అది సహజం. నేను దానికి పైన రెండు క్వార్టులు పోశాను. నూనె మరీ ఎక్కువైతే లోపల తిరిగే గేర్లు దాన్ని చిలుకుతాయి, మజ్జిగ నురుగులా గాలి బుడగలు చేరతాయి. నురుగుకు ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే లోపలి క్లచ్‌లు జారతాయి. మిగిలింది గాలి రంధ్రంలోంచి పొంగి వేడి ఎగ్జాస్ట్ గొట్టం మీద పడి పొగ లేచింది. తక్కువ ఉన్నా పంపు గాలి పీల్చి అదే గతి పడుతుంది.

ఆటోమేటిక్ గేరు మన పెరట్లో పుట్టిన విద్యే. పెద్దఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ హైడ్రామాటిక్, 1939లో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో వచ్చింది. పక్కనున్న లివోనియాలో వాటిని చేసే ఫ్యాక్టరీ 1953 ఆగస్టు 12న కాలిపోతే, పనిని విల్లో రన్‌కు మార్చారు. పేరులోనే ‘హైడ్రా’ ఉంది చూడండి. ఆ పెట్టెలో గేర్లు మార్చేది నూనె ఒత్తిడే. ఇంజన్ బలాన్ని చక్రాల వైపు అందించేదీ, వేడిని మోసుకుపోయేదీ ఆ నూనే.

ఇప్పుడు చూసే పద్ధతి. మొదట కారుతో వచ్చిన పుస్తకం తెరవండి. చాలా పాత కార్లకు చెల్లే పద్ధతి ఇది. ఇరవై నిమిషాలు నడపండి. చదునైన చోట ఆపి పార్కింగ్ బ్రేక్ వేయండి. ముందూ వెనకా పిల్లలెవరూ లేరని చూసుకోండి. ఇంజన్ నడుస్తుండగానే బ్రేక్ మీద కాలు గట్టిగా ఉంచి, గేర్ లివర్‌ను పీ, ఆర్, ఎన్, డీ అన్నిటిలోకీ మెల్లగా తిప్పి, ఒక్కోచోట రెండు మూడు సెకన్లు ఆగి, మళ్ళీ పీలోకి తెండి. ఇంజన్ ఆపకుండానే డిప్‌స్టిక్ తీసి, పీచు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్ళీ తీసి చూడండి. రెండు వైపులా చూసి, తక్కువ చూపించిన వైపే లెక్కలోకి తీసుకోండి. నూనె ‘హాట్’ అని ఉన్న గీతల మధ్య ఉంటే చాలు.

ఇంజన్ ఆయిల్‌ను మాత్రం ఇంజన్ ఆపి చూస్తాం. ఈ రెంటినీ కలిపేసుకోకండి. అన్ని కార్లదీ ఒకే దారి కూడా కాదు. పాత హోండాల్లో బండిని వేడెక్కించి, ఇంజన్ ఆపేసి, ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. కొన్ని పాత డాడ్జ్ ట్రక్కుల్లో న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. అసలు డిప్‌స్టిక్కే లేని కార్లూ ఉన్నాయి. వాటిని లిఫ్ట్ మీద ఎత్తి చూడాలి, అది మెకానిక్ పని.

ఇంకో ముఖ్యమైన మాట. చలికాలంలో గరాజ్ తలుపు మూసి ఇంజన్ నడిపి ఈ పని ఎప్పుడూ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. బయటే చేయండి. చున్నీలు, కండువాలు తిరిగే బెల్టుల దగ్గరికి రానివ్వకండి.

ఎంత ఉందో చూశాక, ఎలా ఉందో చూడండి. చాలావరకు కొత్త నూనె ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగితే పాతబడింది. నల్లబడి మాడిన పోపు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నాయి. రోజ్ మిల్క్‌లా ఉంటే రేడియేటర్ నీళ్ళు అందులో కలుస్తున్నాయి. ఈ చివరి రెండిట్లో ఏది కనిపించినా కారు నడపకండి, మెకానిక్‌కు చూపించండి.

తక్కువ ఉంటే, కాస్త కాస్త పోయండి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య దూరం అర క్వార్టు అటూ ఇటూ. సన్నటి పొడవాటి గరాటుతో కొంచెం పోసి, గేర్లు మళ్ళీ తిప్పి చూడండి. పోయడం తేలిక, తీయడం కష్టం. ఏ నూనె అన్నది పుస్తకం చెబుతుంది. జీఎంకు డెక్స్‌రాన్, ఫోర్డ్‌కు మెర్కాన్, క్రైస్లర్‌కు ఏటీఎఫ్ ప్లస్ 4 అని రకరకాలున్నాయి. చవకగా వచ్చిందని ఏదో ఒకటి పోయకండి.

ఇంజన్ ఆయిల్‌లా ఈ నూనె కాలి ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. మన మిచిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పుకు కూలర్ గొట్టాలు తుప్పు పడతాయి, పాన్ గాస్కెట్లు, సీళ్ళు పాతబడతాయి. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరచండి. పొద్దున ఎర్రటి చుక్క కనిపిస్తే, పోస్తూ పోవడం మాని కారే చోటు బాగు చేయించండి. గొట్టం మార్చడానికయ్యేది ట్రాన్స్‌మిషన్ ఖరీదులో చిన్న వంతు.

ఆ జనవరి తర్వాత ఆ కారును నేను మళ్ళీ నడపలేదు. రిపేరుకు అయ్యేదానికన్నా కారు విలువ తక్కువ. ఆ వసంతమంతా బస్సుల్లోనూ, స్నేహితుల కార్లలోనూ తిరిగాం. అప్పుడు అడగడానికి నాకు ఎవరూ లేరు అనుకున్నాను. నిజానికి ఈ ఊళ్ళో సగంమంది కార్ల ఇంజనీర్లే, నేనే మొహమాటపడ్డాను. మీరు పడకండి. పూజ అయ్యాక నేను పార్కింగ్ లాట్ చివర నా పాత కారు దగ్గర ఉంటాను, గుడ్డ, గరాటు తెచ్చాను. దూరం నుంచి నడుపుకుంటూ వచ్చిన వాళ్ళ కార్లు ముందు చూద్దాం. కారు పుస్తకం తెచ్చుకోవడం మరవకండి.