కొండల ముందు కూర్చున్న మేరియాన్ నార్త్

హోసూరు నుంచి రాయకోట మీదుగా కృష్ణగిరికి పోయేటప్పుడు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే మీరు ఏం చూస్తారు? బండలు, కొండలు, చింతమాన్లు, మామిడి తోపులు. రోజూ కనబడేవే కాబట్టి బొమ్మ గీయాలని మనకు తోచదు. 1792లో థామస్ డేనియల్, ఆయన సోదరుని కొడుకు విలియం ఈ పక్కకు వచ్చి హోసూరునూ, రాయకోటనూ చిత్రించారు. టిప్పు సుల్తానుతో యుద్ధం ముగిసిన ఏడు అది. వాళ్ల కంటికి ముందు ఆనింది దుర్గాలే.

ఎనభై అయిదేండ్ల తరువాత, 1877 చివరలో, రంగుల పెట్టెతో ఒక ఆడమనిషి దక్షిణదేశంలో దిగింది. పేరు మేరియాన్ నార్త్. పుట్టింది 1830లో, ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో. తల్లి పోతూ పోతూ నాన్నను విడిచిపెట్టనని మాట తీసుకుంది. కూతురు ఆ మాట నిలుపుకుంది, పెండ్లి మాట తలపెట్టలేదు. తైలవర్ణాలు చేతికి తీసుకున్నదే ముప్పై అయిదు దాటినాక. 1869లో తండ్రి పోయాడు. 1871లో ఆమె లోకం చూడ బయలుదేరింది. మన ఇండ్లల్లోనో, పిల్ల పదో తరగతికి రాగానే డ్రాయింగు నోటు అటక ఎక్కించేది మనమే!

అప్పట్లో మొక్కను కోసి తెచ్చి తెల్ల కాగితం మీద ఒంటరిగా గీయడం వాడుక. ఈమె మొక్క ఉన్న చోటికే పోయి కూర్చునేది. వెనకాల కొండ, నీళ్లు, ఆకాశం అన్నీ పటంలోకి వచ్చేవి. బోర్నియోలో ఆమె గీసిన ఒక కూజా మొక్క శాస్త్రజ్ఞులకు కొత్తది. దానికి ఆమె పేరే పెట్టారు.

ఒక్క సంగతి మాత్రం నాకు కష్టంగా తోస్తుంది. ఆమె వచ్చినది ధాత కరువు కాలం. అప్పుడు సేలం జిల్లాలో ఉన్న మన సీమ కూడా మలమల మాడింది. ఆమె కుంచెకు కావలసింది చెట్టూ కొండా, మనుషుల ఆకలి కాదు.

లండన్ దగ్గరి క్యూ తోటలో సొంత డబ్బుతో చిత్రశాల కట్టించి, 832 పటాలు ఇచ్చేసింది. నమూనా వేసింది మన దేశపు గుడుల మీద గ్రంథం రాసిన జేమ్స్ ఫెర్గూసన్. 1882లో తెరిచారు. నేటికీ గోడ కనబడకుండా పటాలే. చూడవచ్చినవాళ్లకు తేనీరు ఇప్పించాలని ఆమె అడిగితే తోట అధికారి హుకర్ ఒప్పుకోలేదు. సరేనని, తేయాకు, కాఫీ మొక్కలను గుమ్మాలపైన గీసి పెట్టిందట.