మనుమడు అడిగిన ప్రశ్న



ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాడను. బాలుడు ప్రశ్న అడిగినప్పుడు నిజమైన యుత్తరమీయకుండుట పెద్దలకు తగదని ఎందరికో బోధించితిని. ఆ మాటను నా యింటిలో నేనే తప్పితిని. ఆ సంగతియే నేడు విన్నవించెదను.

మా కుమార్తె కొడుకునకు పదునైదేండ్లు. గత వేసవిలో వానికి జ్వరము తగ్గుచు మరల వచ్చుచుండెను. ముఖము పాలిపోయెను. కాళ్ళ యెముకలు నొప్పియని మూలుగుచుండెను. దెబ్బ తగులకయే ఒడలిపై కమిలిన మచ్చలు లేచెను. పండ్లు తోముకొనునప్పుడు చిగుళ్ళనుండి నెత్తురు వచ్చుచుండెను. “పెరుగు వయస్సు, పరీక్షల జాగరణము, అంతే” యని నేనే తేల్చితిని. అట్లు పదునెనిమిది దినములు గడచెను. ఆ దినములకు బాధ్యుడను నేనే.

ఒకనాడు మా యూరి నర్సమ్మ వాని చేతిమీది మచ్చలు చూచి, “మాస్టారూ, ఆలస్యం చేయకండి. ఈ రోజే రక్తపరీక్ష చేయించండి” అనెను. ఆ పరీక్ష మమ్ము పట్నమునకు పరుగెత్తించెను. అచ్చటి వైద్యులు తుంటి యెముకనుండి మూలుగను తీసి పరీక్షించి, ఇది ల్యుకేమియా, అనగా రక్తపు క్యాన్సరని నిర్ణయించిరి. నెత్తురు పుట్టుచోటు ఎముకలలోని మూలుగ. అందు పక్వము కాని తెల్లకణములు మితిమీరి పెరిగి తక్కిన కణములకు తావు లేకుండ చేయును. ఎర్రకణములు తగ్గుటచే పాలిపోవుట, నెత్తురు గడ్డకట్టించు కణములు తగ్గుటచే మచ్చలు, రోగమును ఎదిరించు శక్తి తగ్గుటచే జ్వరము కలుగును. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమును కాదు.

ఆసుపత్రి వరండాలో పెద్దలము కూడి యాలోచించితిమి. “పిల్లవానికి చెప్పవలదు. రక్తహీనత యనుదము” అని తీర్పు చెప్పినది నేనే. డాక్టరమ్మకు అది సమ్మతము కాలేదు. అయినను నేను పట్టు విడువలేదు.

ఆ రాత్రి వాని మంచము కడ కూర్చుంటిని. వాడు నా చేయి పట్టుకొని, “తాతయ్యా, ఈ గది బయట బోర్డుమీద క్యాన్సర్ వార్డు అని రాసి ఉంది. పక్క మంచం అబ్బాయికి జుట్టు లేదు. నేను చచ్చిపోతాననేనా మీరెవ్వరూ చెప్పడం లేదు?” అని యడిగెను.

వానికి అక్షరములు దిద్దించినవాడను నేను. వాడు చదువగలడను మాటయే మరచితిని. మా మౌనము వానిని భయమునుండి కాపాడలేదు. భయముతో ఒంటరిగా విడిచినది.

మరునాటి యుదయమున డాక్టరమ్మ వాని యెదుట కూర్చుండి వ్యాధి పేరు చెప్పెను. వాడు కొంత యేడ్చెను. పిదప మూడు ప్రశ్నలడిగెను: నొప్పి యెంత? జుట్టు మరల వచ్చునా? బడి యెప్పుడు? సూదుల నొప్పికి మందులు గలవనియు, జుట్టు మరల వచ్చుననియు, చదువు కొంత కాలమాగి సాగుననియు ఆమె చెప్పెను. మొదటి ఘట్టము ఇంచుమించు నాలుగు వారములనియు, మొత్తము చికిత్స రెండేండ్లకు పైబడుననియు దాచక చెప్పెను.

వానికిచ్చు మందులలో రెంటి చరిత్రను తెలిసికొని నేనే వానికి వినిపించితిని. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సహచరులతో గూడి, ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించు మందులను సిద్ధపరచిరి. వానిలో నొకటియగు అమినోప్టెరిన్‌ను బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఈ వ్యాధిగల బిడ్డలకిచ్చి, 16 మందిలో 10 మందికి గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము కొలది నెలలే నిలిచెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. ఆ జాతిదేయగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. మావాని వెన్నులోనికి ఎక్కించినది అదియే. రెండవది విన్‌క్రిస్టిన్. అది మన పెరళ్ళలో పూయు బిళ్ళగన్నేరునుండి తీసినది. అయితే ఆ యాకును ఇంట నూరి ఎవరికిని త్రాగింపరాదు, అది విషము. మందుగా శుద్ధిచేసి, తూచి, వైద్యులే నరములోనికి ఎక్కింపవలెను. నాడు నెలలలో ముగిసిన ఆశ, పలుమందులు కలిపి యిచ్చుటచే, నేడు శ్రద్ధగా చికిత్స జరుగుచోట్ల అధికసంఖ్యాకులైన బాలురకు ఆరోగ్యముగా మారినది.

మూడవ వారమున వానిని కొలదిదినములకై ఇంటికి పంపిరి. జుట్టు రాలెను, నోరు పూసెను. ఒకనాటి అర్ధరాత్రి ఒళ్ళు కాలెను. “తెల్లవారనిమ్ము, పోవుదము” అంటిని. వాడు లేచి కూర్చుండి, “వద్దు తాతయ్యా. తెల్లకణాలు తగ్గినప్పుడు జ్వరం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదని డాక్టరమ్మ నాకే చెప్పింది” అనెను. అప్పటికప్పుడు బయలుదేరితిమి. ఆసుపత్రిలో వెంటనే నరముద్వారా మందులెక్కించిరి. ఉదయమువరకు ఆగియుండిన ప్రమాదమై యుండెడిదని వైద్యులనిరి. వానికి నిజము తెలియుటచేతనే ఆ రాత్రి గడచినది.

మొదటి ఘట్టము ముగిసినది. మూలుగలో వ్యాధికణములు కానరాలేదు. వాడు ఇంకను చాలదూరము నడువవలసియున్నది. నేడు వాడు తన మందుల పట్టికను తానే వ్రాసికొనుచున్నాడు. నేను దిద్దుట మానితిని.

పెద్దలారా, విడువని జ్వరము, కారణములేని మచ్చలు, పాలిపోవుట పిల్లలలో కనబడినచో నావలె దినములు పోగొట్టకుడు; రక్తపరీక్ష చేయింపుడు. ఆరంభించిన చికిత్సను నడుమ మానింపకుడు. ఇక బిడ్డ యడిగినప్పుడు, వాని వయస్సునకు తగిన మాటలలో, ప్రక్కన కూర్చుండి నిజము చెప్పుడు. మనము చెప్పకున్నను వారు చదువగలరు.

సెలవు.