బడియింటికి ఊరి ఓటు
(ఒక పఠనమందిర సభయందు గావింపబడిన యుపన్యాసము)



స్వరాజ్యమనగా నేమని యడిగినవారికి పెద్దలు పలువిధముల నుత్తరము చెప్పియున్నారు. నాకు దోచిన యుత్తరము మిక్కిలి చిన్నది. ఊరి బడికప్పు కారుచున్నప్పుడు దానిని బాగుచేయుటకు తామెంత చెల్లింపవలయునో ఊరివారే కూడి నిర్ణయించుకొని, చెల్లించి, చెల్లించిన సొమ్మునకు లెక్క యడుగగలిగిననాడు ఆ యూర స్వరాజ్యమున్నది. దొర పోయి మనవాడు వచ్చిన పిమ్మటను కప్పు కారుచునే యుండగా, పైనుండి నిధులు దిగునంతవఱకు ఊరు చేతులు ముడుచుకొని కూర్చున్నచో, అచ్చట స్వరాజ్యము పేరునకే కాని పనికి కాదు.

బడిభవనములకు కావలసిన సొమ్మునుగూర్చి ప్రజలే నేరుగా ఓటువేయు పద్ధతియొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములలో కలదు. మన దేశమున లేదు. ఆ పద్ధతిలోని మేలెట్టిదో, కీడెట్టిదో, అందుండి మనము గ్రహింపదగిన దేమో మీకు విన్నవింపదలచితిని. ముఖ్యముగా కాలిఫోర్నియా రాష్ట్రపు చరిత్రను తీసికొందును. అచ్చట తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి గనుక, మీ బంధువులలో కొందఱీ సంగతి యెఱిగియే యుందురు.

ఆ రాష్ట్రమున బడులను నడుపుటకు పాఠశాలా మండలములు వేఱుగా నున్నవి. వాని పాలకవర్గములను ప్రజలే యెన్నుకొందురు. భవనములు శిథిలమైనప్పుడు పాలకవర్గము "ఇంత మొత్తమునకు ఋణపత్రము లమ్ముకొనుటకు మాకు సమ్మతి యిండు" అని ప్రజలముందు ప్రతిపాదన నుంచును. ఈ ఋణపత్రములనే బాండ్లందురు. ప్రజలు సమ్మతించినచో బాండ్లమ్మగా వచ్చిన సొమ్ముతో పనులు జరుగును. ఆ యప్పును మండలములో ఇండ్లును స్థలములును గలవారు తమ యాస్తిపన్నుతో గూర్చి సంవత్సరములతరబడి తీర్చుచుందురు. కావున అచ్చట బడికి ఓటువేయుట యనగా సభలో చేయి యెత్తుట గాదు. తన సంచి తాను విప్పుట. మఱియొక విశేషము గమనింపుడు. పౌరసత్వము పొందని మనవారికి ఆ ఓటు లేదు; ఇల్లు కొన్నచో ఆ పన్ను మాత్రము తప్పదు.

ఎందఱు ఔనన్న సమ్మతి యగును? 1879 నాటి యా రాష్ట్ర రాజ్యాంగము మూడింట రెండువంతుల ఓట్లు కావలెనని విధించినది. నూటికి అఱువదియాఱుగురు ఔనన్నను, ముప్పదినలుగురు కాదన్నచో బడికి కాసు లేదు. 1978వ సంవత్సరమున ప్రజలు 13వ ప్రతిపాదనయను ప్రసిద్ధ శాసనమును గెలిపించి ఆస్తిపన్నును నూటికి ఒకటికి కట్టివేసిరి. దానితో స్థానిక బాండ్లకు దారి మూసికొనిపోయెను. 1986లో ఆ దారి మరల తెఱువబడెను. మూడింట రెండువంతుల నియమము మాత్రము నిలిచెను. 2000 మార్చిలో సగముకంటె నొక్క ఓటు హెచ్చైనను చాలునను ప్రతిపాదన వచ్చినది. ప్రజలు దానిని త్రోసివేసిరి. ఆ సంవత్సరమే నవంబరులో నూటికి 55 చాలునను 39వ ప్రతిపాదన రాగా, నూటికి 53 మందికి పైగా ఔననిరి, అది శాసనమయ్యెను. నేటికిని ఆ నియమమే చెల్లుచున్నది.

ఆ 55 సంఖ్యకంటె, దానితో ముడివేయబడిన కట్టడులే మనకు ముఖ్యములు. ఓటునకు ముందే ఏయే పనులు చేయబోవుదురో జాబితా ప్రకటింపవలెను. ఆ సొమ్ములో నొక్క డాలరైనను ఉపాధ్యాయుల జీతములకు గాని, కార్యాలయపు దినవెచ్చములకు గాని మఱలింపగూడదు. ఏటేట ధనపు లెక్కకు నొక తనిఖీ, సొమ్ము జాబితాలోని పనులకే వెచ్చమైనదా యని మఱియొక తనిఖీ జరుగవలెను. ప్రాథమికమును ఉన్నతమును గలిసిన మండలమైనచో, ఒక్క ఓటువలన పడు భారము లక్షడాలర్ల పన్నువిలువకు సాలునకు 60 డాలర్లు మించునని తేలినచో ఆ ప్రతిపాదన యీ దారిన రాగూడదు. వీనియన్నిటిపైని ఏడుగురికి తగ్గని పౌర పర్యవేక్షణ సంఘ ముండవలెను. అందు వ్యాపారుల సంస్థనుండి యొకరు, వృద్ధుల సంస్థనుండి యొకరు, పన్నుచెల్లింపుదారుల సంఘమునుండి యొకరు, పిల్లల తల్లిదండ్రులు ఉండి తీరవలెను. మండలపు టుద్యోగి గాని, మండలముతో బేరముగల గుత్తదారు గాని అందు చేరరాదు. ఆ సభ్యులకు జీతము లేదు.

ఈ యేర్పాటులోని వివేకమును చూడుడు. బడిపన్నును కాదనువారు సాధారణముగా నెవరు? "నా పిల్లల చదువులు ముగిసినవి, నాకేల యీ భారము" అను వృద్ధుడొకడు. "సర్కారు చేతిలో పడిన సొమ్ము నీళ్లపాలు" అను పన్నుదారు డొకడు. అచ్చటి శాసనము వీరిని దూషింపలేదు, తప్పింపలేదు. పిలిచి లెక్కల పీటమీద కూర్చుండబెట్టినది. కాదన్నవాని కన్ను ఔనన్నవాని కన్నుకంటె చుఱుకైనది గదా!

ఆ వృద్ధుని మాటకు వేఱొక సమాధానమును కలదు. అతని పిల్లలు చదివిన బడికి, అప్పటికి పిల్లలులేని వా రెందఱో పన్ను కట్టియుందురు. మన యూళ్లలో తాత నాటిన చింతచెట్టు నీడను మనుమడు గూర్చుండును. నీడలో కూర్చుండిన యప్పును మఱియొక చెట్టు నాటియే తీర్చవలెను. చెట్టు నాటినవాడు లేడు గనుక అతనికి తిరిగి చెల్లించు దారి వేఱొకటి లేదు.

ఇక బడిగోడ యెందుకింత ముఖ్యమందురా? 1933 మార్చి 10వ తేదీ సాయంకాలము ఆ కాలిఫోర్నియాలోనే లాంగ్‌బీచ్ పట్టణప్రాంతమున భూమి కంపించినది. డెబ్బదివఱకు బడిభవనములు కూలిపోయెను. అప్పటికి సాయంకాలము 5 గంటల 54 నిమిషములు. నాటి బడులు ముగిసియుండెను. అదియే పగటివేళ సంభవించియున్నచో నెందఱు తల్లులు గుండెలు బాదుకొని యుందురో ఊహింప నలవిగాదు. సరిగా నొక మాసము గడచునప్పటికి, ఏప్రిల్ 10న, బడిభవనములు భూకంపమునకు నిలుచునట్లు కట్టవలెనను ఫీల్డు శాసనము పుట్టెను. చేతులు కాలకముందే ఆకులు దొరికిన యరుదైన సందర్భమది. మనకట్టి యదృష్టము లేకపోయెను. 2004 జులై 16న తమిళనాటి కుంభకోణమున పాకకప్పునకు నిప్పంటుకొని, ఒక బడిలో 94 మంది పిల్లలు పట్టపగలు మాడిపోయిరి. బడికప్పు అలంకారము గాదు. దానిక్రింద నున్నది మన సంతానము.

ఇంతవఱకు మేలు చెప్పితిని. కీడును చెప్పకున్నచో మీకు ద్రోహము చేసినవాడనగుదును. ఊరి బడికి ఊరే చెల్లించుకొనవలెనన్నచో, బీదయూరి గతి యేమి? టెక్సాస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్ అనునది బీదల మండలము; అలమో హైట్స్ అనునది కలవారి మండలము. 1968 మే మాసమున ఎడ్జ్‌వుడ్ విద్యార్థులు, తమ బడి శిథిలమైనదని, తగిన ఉపాధ్యాయులు లేరని తరగతులు విడిచి వీథులకెక్కిరి. వారి తలిదండ్రులు పన్ను కట్టరైరా? ఎడ్జ్‌వుడ్ వారు నూఱుడాలర్ల యాస్తికి ఒక డాలరు అయిదు సెంట్లు కట్టుచుండిరి. అలమో హైట్స్ వారు ఎనుబదియైదు సెంట్లే. అయినను ఆ హెచ్చుపన్నువలన ఎడ్జ్‌వుడ్‌లో నొక్కొక్క పిల్లకు చేరినది 26 డాలర్లు. ఆ తక్కువపన్నువలన అలమో హైట్స్‌లో చేరినది 333 డాలర్లు. హెచ్చుగా చెల్లించినవానికి కారుకప్పు, తక్కువగా చెల్లించినవానికి మేడ! ఎడ్జ్‌వుడ్ తలిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. 1973 మార్చిలో ఆ దేశపు సుప్రీముకోర్టు అయిదుగురికి నలుగురు తేడాగా వారి వ్యాజ్యమును త్రోసివేసినది. 1989లో టెక్సాస్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, ఆ మండలమే తెచ్చిన మఱియొక వ్యాజ్యమున, ఆ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమని యేకగ్రీవముగా తీర్పు చెప్పువఱకు వారికి న్యాయము దొరకలేదు. ఆ వీథులకెక్కిన పిల్లలు అప్పటికి నడివయసువారైరి.

కావున ఊరి ఓటు మంచిదే. కాని ఒంటరి ఓటు అన్యాయము. ఊరు తన శక్తికొలది వేయవలెను. రాష్ట్రము బీదయూరికి హెచ్చుగను, కలిగినయూరికి తక్కువగను కలుపవలెను. కాలిఫోర్నియా ప్రజలు 2024 నవంబరున బడులకై వెయ్యికోట్ల డాలర్ల రాష్ట్ర ఋణమునకు సమ్మతించినప్పుడు బీదమండలములకు రాష్ట్రభాగము కొంచెము హెచ్చునట్లు కూర్చుకొనిరి. ఆ హెచ్చు నూటికి అయిదే యైనను, త్రోవ సరియైనది.

ఇప్పుడు మన యింటివైపు చూతము. మన శాస్త్రకారులు అంధపంగు న్యాయమని యొకటి చెప్పుదురు. గ్రుడ్డివాడు నడువగలడు, చూడలేడు; కుంటివాడు చూడగలడు, నడువలేడు. ఇద్దఱు కూడినగాని యూరు చేరరు. లెక్కలేని ఓటు గ్రుడ్డిది. ఓటులేని లెక్క కుంటిది. బడియింటి విషయమున మన మెచ్చట నున్నాము?

ఓటు మనకు లేదు. అయినను పన్ను కొంత కట్టుచునే యున్నాము. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపన్నుగా చేరుచున్నవి. ఆ పన్ను 1960 నాటి గ్రంథాలయ శాసనమువలన వచ్చినది. పఠనమందిరములలో పత్రిక చదువువారిలో నెందఱికీ సంగతి తెలియును? వసూలైన యీ పన్నును స్థానికసంస్థలు గ్రంథాలయ సంస్థలకు చేర్పక బకాయిపెట్టుట పలుమాఱు పత్రికల కెక్కినది. చెల్లించినవాడు లెక్క యడుగనిచోట చేరవలసిన సొమ్ము దారిలోనే యాగును. "ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినది" అని మన పెద్దలూరకే యనలేదు.

లెక్క యడుగు హక్కు మాత్రము మనకు పుష్కలముగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు శాసనము ప్రతి సర్కారు బడికిని యాజమాన్య సంఘము నేర్పఱచినది. అందు నాలుగింట మూడువంతులు తలిదండ్రులే, సగము స్త్రీలు. బడి యభివృద్ధి ప్రణాళికను వారే వ్రాయవలెను. ప్రభుత్వపు సొమ్మునకు ఆ ప్రణాళికయే యాధారమని శాసనము చెప్పుచున్నది. ప్రతి ఉపాధ్యాయునికి గది, బాలురకు బాలికలకు వేఱువేఱు మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరిగోడ యుండవలెనని ఆ శాసనపు టనుబంధమే విధించుచున్నది. 2019లో ఆంధ్రప్రదేశమున "నాడు–నేడు" పేర మొదలైన పనులను గుత్తదారులకు గాక తలిదండ్రుల సంఘముల కప్పగించిరి. తెలంగాణమున 2022లో "మన ఊరు–మన బడి" వచ్చెను; 2024లో మహిళాసంఘములతో అమ్మ ఆదర్శ పాఠశాలా సంఘములు వచ్చెను. ప్రభుత్వములు మాఱినవి, పేళ్లు మాఱినవి. కొన్ని పనులు ముగిసినవి, కొన్ని నడుమ నిలిచినవి. ఏ పక్షము హెచ్చు చేసినదను తగవు నాకు వలదు. నేనడుగున దొక్కటియే: మీ వీథి బడికి వచ్చిన సొమ్మెంత, వెచ్చమైనదెంత యని మీలో నెవరైన చెప్పగలరా?

చెప్పలేకపోవుట మన యసమర్థత గాదు; అలవాటు లేకపోవుట. సామాజిక తనిఖీయనునది మన తెలుగుగడ్డకు క్రొత్తది గాదు. ఉపాధిహామీ పనుల హాజరుపట్టీలను ఊరిముందు చదివి, పేరుపేరున నిజమా కాదా యని యడుగు పద్ధతిని 2006 మొదలు ఉమ్మడి ఆంధ్రప్రదేశము నడిపినది. మన్ను మోసిన కూలివాడు అందఱి యెదుట నిలిచి "ఈ వేలిముద్ర నాది కాదు" అనగలిగినప్పుడు, చదువుకొన్న పట్టణవాసికి నోరు రాకపోవుట యెట్లు?

కావున నాలుగు పనులు చేయుడని మిమ్ము వేడుచున్నాను. మీ బడి యాజమాన్య సంఘపు టెన్నికనాడు తలిదండ్రులైనవారు తప్పక పోవుడు. బడి యభివృద్ధి ప్రణాళిక ప్రతిని సంపాదించి పఠనమందిరపు గోడపై నంటింపుడు. అడిగినను ఈయనిచో 2005 నాటి సమాచారహక్కు శాసనము మీ చేతనున్నది. వచ్చిన సొమ్మును, అయిన వెచ్చమును ఏడాదికొకసారి గ్రామసభలో గాని వార్డులో గాని బిగ్గరగా చదివింపుడు. బడిలో పిల్లలు లేనివారిని, మీ మాట కాదనువారిని పిలిచి ఆ లెక్కయెదుట ముందువరుసలో కూర్చుండబెట్టుడు.

లెక్క యడుగుట యలవడిన ఊరికి ఓటు యడుగు నోరు దానంతట వచ్చును. అప్పుడు "మా బడికి మే మింత వేసికొందుము, ప్రభుత్వమా! మా బీదతనమునకు తగినట్లు నీవింత కలుపుము" అని యడుగు హక్కు మనకు గలుగును. ఆ మాట యడుగని ఊరు నిధులకై యర్జీలు వ్రాయుచునే యుండును. ఏటేట వాన వచ్చుచునే యుండును. పిల్లలు పుస్తకములు గుండెల కదుముకొని కారని మూలకై వెదకుచునే యుందురు. వచ్చు వానకాలమునకు ముందే మీ బడికప్పు నొక్కసారి తలయెత్తి చూడుడు. చూచి, లెక్క యడుగుడు.