రికార్డు ప్లేయరులో మోత – కార్ట్‌రిడ్జికి తగిన లోడు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవారు మన సంఘంలో సమర్థులు ఉన్నారు. నాకిచ్చిన పావుగంటలో రికార్డు ప్లేయరు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనలో చాలామంది అటకల మీద ఘంటసాల గారి భగవద్గీత, పాత సినిమా పాటల ఎల్.పి.లు ఉన్నాయి. మనవలు వాటిని దింపి కంప్యూటరులోకి ఎక్కించాలని ముచ్చట పడుతున్నారు. తీరా ప్లేయరు పెట్టగానే పాటకంటే ముందు గుంయ్‌మని మోత. "ఇది పాడైంది, పాత సామానులవాడికి ఇచ్చేద్దాం" అంటారు. తొందరపడకండి. చాలాసార్లు పాడైంది ఏమీ ఉండదు.

ఈ మోత మన ఇంటి కరెంటుదే. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ మనకు మోతగా వినిపిస్తాయి. మరి రేడియోలో లేనిది రికార్డు ప్లేయరులోనే ఎందుకు? మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్‌రిడ్జి ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు మాత్రమే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి కోస్తారు. ఆంప్లిఫయరులోని ఫోనో విభాగం వాటిని తిరిగి పెంచుతుంది. 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను సుమారు 7 రెట్లు పెంచుతుంది. దొంగతనంగా చొరబడిన కరెంటు మోత కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఇక పరీక్ష. ఫైలు చూసినట్టే మొదటి పేజీ నుంచి వరుసగా చూడాలి.

ఒకటి: సెలెక్టరును ఫోనో నుంచి టేపుకో రేడియోకో మార్చండి. అప్పుడూ మోత ఉంటే లోపం ఆంప్లిఫయరులోనే. అది మెకానిక్ పని. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు; మూత విప్పవద్దు. మోత ఆగితే ప్లేయరు వైపు చూడాలి.

రెండు: ప్లేయరు వెనక నుంచి కొన్నిటికి సన్నటి వైరొకటి, చివర పంగ ఉన్నది, వస్తుంది. దాన్ని ఆంప్లిఫయరు వెనక ఎర్త్ స్క్రూకు బిగించాలి. తుప్పుంటే గీకండి. ఎక్కువ ఇళ్లలో మోత ఇక్కడే ఆగిపోతుంది.

మూడు: ఒక స్పీకరులోనే మోత వస్తుంటే, అంతా ఆపి, కార్ట్‌రిడ్జి వెనక ఉన్న నాలుగు వైర్లు చూడండి. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. వదులైతే సన్నని పట్టకారుతో నెమ్మదిగా నొక్కండి. పిన్నుకు నేరుగా సోల్డరింగు పెట్టకండి, ఆ వేడికి లోపలి తీగ పోతుంది.

నాలుగు: ప్లేయరును ఆంప్లిఫయరు నెత్తిన పెట్టకండి. లోపలి ట్రాన్స్‌ఫార్మరు కూడా మోత పంపుతుంది. రెండు మూడు అడుగులు ఎడంగా జరిపి చూడండి. సిగ్నల్ వైరును కరెంటు వైరుతో కలిపి కట్టవద్దు.

ఐదు: టీవీ, కంప్యూటరు కూడా ఆంప్లిఫయరుకు తగిలించి ఉంటే ఒక్కొక్కటే తీసి చూడండి. ఒకే ఫైలుకు రెండు సెక్షన్లలో నంబరు పడితే అది వాటి మధ్యనే తిరుగుతుంది. ఎర్త్‌కు రెండు దారులున్నా అంతే, మోత తిరుగుతుంది. అన్నిటికీ కరెంటు ఒకే స్విచ్ బోర్డు నుంచి ఇవ్వండి. లాప్‌టాప్‌లోకి ఎక్కించేటప్పుడు చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోత తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టేవారున్నారు. మోత తగ్గవచ్చు కూడా. కానీ లోపల వైరు ఊడి రేకు పెట్టెకు తగిలిన రోజున ఆ కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు కొట్టే బదులు, పెట్టె ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఆ ముట్టుకునేది మీ మనవరాలు కావచ్చు. ఎవరింట్లోనైనా అలాంటి ప్లగ్గు ఉంటే ఇవాళే మార్పించండి. పాట కోసం ప్రాణం పణంగా పెట్టనక్కరలేదు.

ఇక లోడు సంగతి. కార్ట్‌రిడ్జికి అవతల ఆంప్లిఫయరు ఎంత అడ్డు చూపిస్తుందన్నదే లోడు. మూవింగ్ మాగ్నెట్‌కు 47 కిలో ఓములు ప్రమాణం. పాత పెట్టె ప్లేయర్లలోని సెరామిక్ కార్ట్‌రిడ్జికి సుమారు 1 మెగా ఓము కావాలి. దాన్ని తెచ్చి 47 కిలో ఓములకు తగిలిస్తే మృదంగం, తబలా బక్కచిక్కిపోతాయి. అది రికార్డు తప్పు కాదు.

మూవింగ్ మాగ్నెట్‌కు వైరు కెపాసిటెన్సు కూడా లెక్కే. మామూలు వైరు మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటుంది. కార్ట్‌రిడ్జి కాయిలు 0.5 హెన్రీ అనుకుంటే, మొత్తం 150 పికోఫారడ్ల దగ్గర దాని అనునాదం సుమారు 18,000 హెర్ట్జ్ వద్ద వస్తుంది. 300 అయితే 13,000కు దిగుతుంది. అప్పుడు "స", "శ" అక్షరాలు చెవిలో గుచ్చుకోవచ్చు. కనుక పొడుగు వైరు కొనకండి. కార్ట్‌రిడ్జి కాగితంలో రాసిన అంకెకు, వైరూ ఆంప్లిఫయరూ కలిసిన మొత్తం దగ్గరగా ఉంటే చాలు.

ఇంకో నిజం. అంత పై స్వరాలు మన వయసు చెవులకు దాదాపు అందవు. కాబట్టి ఈ సవరణ చేసేటప్పుడు పక్కన మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టుకుని, వాళ్ల చెవులతో వినండి. ఖరీదైన వైర్లకు పెన్షను డబ్బు తగలెయ్యకండి. మోత మాత్రం మనకూ వినబడుతుంది; దాన్ని మనమే పట్టుకోవచ్చు.

మనం దాచిన రికార్డుల్లో కొన్ని పాటలు మళ్లీ ఎక్కడా దొరకకపోవచ్చు. అమ్మేసే ముందు ఆ ఎర్త్ వైరు ఒక్కసారి బిగించి చూడండి.