ముద్దాయి పక్కన ఎవరు నిలబడాలి?

(మాదాపూర్‌లో మహిళా ఉద్యోగులు, న్యాయవాదులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'మోసం కేసుల్లో స్త్రీలు' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. నేను న్యాయవాదిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. సెక్షన్ల దగ్గర తప్పు దొర్లితే ఇక్కడున్న వకీళ్ళు మొహమాటపడకుండా నన్ను ఆపండి.

ముందు ఒకామె సంగతి చెప్తాను. పేరూ ఊరూ వద్దు. గచ్చిబౌలి దగ్గర ఒక చిన్న కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం, జీతం పద్దెనిమిది వేలు. ఆ కంపెనీ ఇంజనీరింగ్ పాసైన పిల్లల దగ్గర 'బ్యాక్‌డోర్' ఉద్యోగాల పేరుతో తలా లక్షా, లక్షన్నరా వసూలు చేసింది. ఇంటర్వ్యూలు చేసింది ఆమె. ఆఫర్ లెటర్ల కింద సంతకం ఆమెదే. ఒకరోజు యజమాని ఆఫీసుకు తాళం వేసి మాయమయ్యాడు. డబ్బు కట్టిన పిల్లలకు తెలిసిన ముఖం ఈమెదొక్కటే కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో రెండో ముద్దాయి అయింది. ఆమెకే ఇంకా రెండు నెలల జీతం రావాలి.

ఆమె తరఫున నిలబడమని మన సంఘాలకు దగ్గరివాళ్ళైన ఇద్దరు న్యాయవాదుల్ని అడిగాను. ఒకరు తీరిక లేదన్నారు. రెండో ఆమె దాచకుండా చెప్పింది: "మోసపోయినవాళ్ళలో సగం మంది ఆడపిల్లలే కదక్కా, తల్లి గాజులు కుదువపెట్టి కట్టారు. మనం ఎవరి తరఫు?" నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఫిర్యాది పక్కన నిలబడటం మన అలవాటు. ఆ అలవాటు ఊరికే రాలేదు. 1978లో రమీజాబీ మీద నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం ఈ నగరాన్ని కుదిపేశాయి. ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫున ఆమె నడవడికనే చీల్చి చెండాడారు. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు మారిన కేసులో వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. డిఫెన్స్ వకీలు అనగానే మనకు ఆ ముఖమే గుర్తుకొస్తుంది. కాని ఆ రాత్రి రమీజాబీని స్టేషన్‌కు తీసుకెళ్ళింది ఫిర్యాదిగా కాదు, వేళకాని వేళ రోడ్డు మీద తిరుగుతున్నదన్న నెపంతో. అప్పుడు ఆమెకు కావలసింది తన పక్కన నిలబడే వకీలే.

ఇప్పుడు ఇదే సైబరాబాద్ కమిషనరేట్ పరిధిలో జరిగిన సంగతి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక పశువైద్యురాలిని ఎత్తుకెళ్ళి, అత్యాచారం చేసి చంపారు. దిశ అని పేరు పెట్టుకున్నాం. పట్టుబడిన నలుగురి తరఫున వాదించేది లేదని షాద్‌నగర్ బార్ అసోసియేషన్ ప్రకటించింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు నలుగురినీ కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. ఆ సాయంత్రమే మృతదేహాల విషయంలో హైకోర్టు జోక్యం కోరిన మహిళా కార్యకర్తలు ఎన్ని తిట్లు తిన్నారో మీకు తెలుసు. 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. వయసు సర్టిఫికెట్ అడగటానికి వాళ్ళ పక్కన ఒక వకీలుంటే చాలు, ఆ సంగతి మొదటి రోజే తెలిసేది.

బార్ అసోసియేషన్లు ఇలాంటి తీర్మానాలు చేయడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే, మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. ముద్దాయి నేరం చేశాడా లేదా అన్న విషయంలో సొంత అభిప్రాయం ఏదైనా సరే వాదించాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. వృత్తి నియమాలు తప్పిన వకీలును 1961 అడ్వొకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద విచారించవచ్చు కూడా. క్లయింటు డబ్బు తిన్న వకీలు మీద ఆ సెక్షన్ ప్రయోగించడం వింటుంటాం. క్లయింటే వద్దన్న వకీళ్ళ సంగతి ఎవరూ అడగరు.

డబ్బున్న ముద్దాయికి ఈ బెంగ లేదు. ఈ మాదాపూర్‌లోనే భవనాలున్న సత్యం కంప్యూటర్స్ కథ గుర్తుంది కదా. 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేవని ఒప్పుకున్నాడు. అంత ఒప్పుకున్నా ఆరేళ్ళ విచారణ జరిగింది. మధ్యలో 2011లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. 2015 ఏప్రిల్ 9న పదిమందికీ ఏడేళ్ళ శిక్ష పడింది, మే నెలలో శిక్ష నిలిపివేసి మళ్ళీ బెయిలు. ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ మీద సెబీ 2018లో పెట్టిన రెండేళ్ళ నిషేధాన్ని, ఆడిటర్ల పనితీరును విచారించే అధికారం నీది కాదంటూ అప్పీలు ట్రిబ్యునల్ 2019లో కొట్టేసింది. నేను దీన్ని తప్పుపట్టడం లేదు. ఉత్తరం రాసి ఒప్పుకున్నవాడికి కూడా విచారణ, అప్పీలు ఉండాల్సిందే. పద్దెనిమిది వేల జీతగత్తెకు అందులో పదోవంతైనా దక్కాలంటున్నాను.

ఆమెను ఎలా పిలిచారో వినండి. సాయంత్రం ఆరింటికి ఫోను: "ఒకసారి వచ్చి వెళ్ళమ్మా." పదకొండింటిదాకా కూర్చోబెట్టారు. మూడోరోజు అరెస్టు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం, అసాధారణ పరిస్థితుల్లో తప్ప స్త్రీని సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయకూడదు. అందుకేనేమో "అరెస్టు కాదు, మాట్లాడటానికే" అన్నారు. మోసానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. అలాంటి నేరాల్లో అవసరమేమిటో రాసుకోకుండా, యాంత్రికంగా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో చెప్పింది. అది 498ఏ కేసులో వచ్చిన తీర్పు. అప్పట్లో మనం దాన్ని గట్టిగా విమర్శించాం, నేనూ రాశాను. ఆ విమర్శ ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అయినా ఆమె బెయిలు కాగితాల్లో రాయమని చెప్పింది మాత్రం ఆ తీర్పునే. నవ్వకండి.

బెయిలు దగ్గర స్త్రీకి చట్టం కొంత వెసులుబాటిస్తుంది. ఎలాంటి స్త్రీకి? కవిత కేసులో ఢిల్లీ హైకోర్టు, చదువుకుని పైకొచ్చిన ఆమెను నిస్సహాయురాలిగా చూడలేమంటూ ఆ వెసులుబాటును కాదంది. 2024 ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ తర్కాన్ని తప్పుపట్టి బెయిలిచ్చింది. ఆమె రాజకీయాలతో నాకు పనిలేదు. కాని ఆ హైకోర్టు మాట ఈ కారిడార్‌లో పనిచేసే ప్రతి ఆడదానికీ తగులుతుంది. చదువుకుంది కాబట్టి తెలిసే చేసిందంటారు. సంతకం చేయకపోతే ఉద్యోగం ఉండదన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

చివరికి ఆమెకు దొరికింది న్యాయసేవాధికార సంస్థ వకీలు. 1987 చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఆ ముక్క ఆమెకు చెప్పినవాళ్ళు లేక నలభై ఒక్క రోజులు జైల్లో ఉంది.

మొన్న వాయిదాకు ఎల్.బి.నగర్ కోర్టుకు వెళ్ళాను. డబ్బు పోగొట్టుకున్న ఒకమ్మాయి వరండాలో నన్ను నిలదీసింది: "మీరు ఆమె తరఫా మేడమ్?" అవునన్నాను. నీకు వకీలున్నారా అని అడిగాను. లేరంది. ప్రాసిక్యూటర్‌కు సాయంగా బాధితులూ కోర్టు అనుమతితో వకీలును పెట్టుకోవచ్చు, ఆ అమ్మాయికీ అదే 12వ సెక్షన్ వర్తిస్తుంది. దరఖాస్తు అక్కడే కూర్చుని రాశాం. సంస్థ ఒకటే, కౌంటరూ ఒకటే. ఆ పిల్ల సంతకం పెడుతూ, ఆమె జైల్లో ఎన్ని రోజులుందని అడిగింది.

వచ్చే నెల సాక్షుల విచారణ మొదలవుతుంది. ఆ అమ్మాయి తరఫున ఇంకా ఎవరూ రాలేదు. ఇక్కడున్న వకీళ్ళలో ఎవరైనా వకాల్తా తీసుకుంటామంటే, టీ దగ్గర నన్ను కలవండి.